జలపాతం దగ్గర లాకరు

"నువ్విక్కడే కూర్చో. మేమిలా మునిగి అలా వచ్చేస్తాం."

భర్త ఆ మాట పూర్తి చేసేలోపే అతని చొక్కా ఆమె ఒళ్లో పడింది.

చొక్కా మీద వాచీ, వాచీ మీద కళ్లజోడు, ఆ పైన కూతురి ఫోను. అత్తగారైతే పళ్లసెట్టు తీసి, డబ్బాలో పెట్టి మరీ అప్పగించింది.

ఆ కొండమీది ఊరికి వచ్చి నాలుగు రోజులైంది. మూడు జలపాతాలు చూశారు. మూడుచోట్లా అందరూ తడిసి ముద్దయ్యారు, ఆమె తప్ప.

ఏ ఊరెళ్లినా అంతే. "మా ఆవిడ మా ఇంటి లాకరు!" అని భర్త నలుగురిలో గొప్పగా చెబుతాడు. లాకరుకి కూడా నీళ్లలో దిగాలని ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఆమె నోరు తెరిచి చెప్పనూ లేదు.

ఇదే ఆఖరి జలపాతం. రేపు పొద్దున్నే తిరుగు ప్రయాణం.

రెండంతస్తుల ఎత్తు నుంచి పడుతున్న నీళ్లు కింద గుండ్రంగా మడుగు కట్టాయి. అడుగున గులకరాళ్లు కూడా కనిపించేంత తేట. అరవై ఏడేళ్ల అత్తగారు బోసినోటితో కేరింతలు కొడుతోంది.

ఒడ్డున కూర్చున్న ఆమెకి ఒళ్లు మండింది.

"అమ్మాయ్, నువ్వు దిగవా?"

పక్క బండ మీద ఓ ముసలావిడ. నల్ల గొడుగు, చేతికర్ర. చుట్టూ ఎవరెవరివో సంచులు, నాలుగైదు జతల చెప్పులు.

"సామాన్లున్నాయి కదండీ!"

"ఇటు పెట్టు, నేను చూస్తాను. సాయంత్రం బస్సు దాకా ఇక్కడే ఉంటా."

ఓహో, ఇక్కడ సామాన్లు కాపలా కాసే మనిషన్నమాట అనుకుంది ఆమె. అయినా కదల్లేదు.

"నాకు ఈత రాదండీ."

"నడుంలోతు నీళ్లకి ఈతెందుకు?"

"నీళ్లంటే భయం."

"భయమైతే ఇందాకట్నుంచీ ఆ కాళ్లెందుకు ఆడిస్తున్నావు?"

ఆమె కిందకి చూసుకుంది. నిజమే, కూర్చున్నచోటే రెండు కాళ్లూ తెగ ఈదేస్తున్నాయి.

ఇక ఆలోచించలేదు. ఒళ్లో ఉన్నవన్నీ, ఇంట్లోవాళ్ల చెప్పులూ తువ్వాళ్లతో సహా ముసలావిడ పక్కన పెట్టేసి, ఉన్న బట్టలతోనే నీళ్లలోకి నడిచింది.

"అమ్మో! చలి!"

"నాన్నా, లాకరొచ్చేసింది!" కూతురు చప్పట్లు కొట్టింది.

"సామాన్లేవీ?" భర్త కంగారు పడ్డాడు.

"ఆ పెద్దమ్మ చూస్తోంది."

"ఇదిగో పెద్దమ్మా! వాచీ జాగ్రత్త, ఖరీదైంది!" అతను అక్కణ్నుంచే కేకేశాడు.

ముసలావిడ అలాగేనన్నట్టు గొడుగు ఊపింది. తర్వాత ఆమెకేసి తిరిగి గొంతెత్తింది.

"అమ్మాయ్! వెనక్కి వాలు. మెడ బిగించకు. చెవులు మునగనీ, ఏం కాదు!"

"ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెబుతారు" అని భర్త నవ్వాడు.

ఆమె మాత్రం వాలింది. మెడ వదిలేసింది. చెవులు మునిగాయి.

కాళ్లు వాటంతటవే పైకి తేలాయి!

పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. నలభై మూడేళ్లొచ్చాయి, ఊరు కాని ఊళ్లో రెండు చేతులూ ఖాళీగా ఉండటం ఆమెకి ఇదే మొదటిసారి. పకపకా నవ్వింది. నవ్వితే నీళ్లు నోట్లోకి పోయాయి. ఉక్కిరిబిక్కిరై లేచి, దగ్గి, మళ్లీ వాలింది. ఎంత పిలిచినా రాలేదు. చివరికి అత్తగారు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఒడ్డుకి రాగానే గొడవ మొదలైంది.

"నా రెండో చెప్పేదీ?" భర్త ముసలావిడని నిలదీశాడు.

"ఇక్కడే ఉండాలి నాయనా. నేను మీ ఆవిణ్ణే చూస్తున్నాను."

"సామాన్లు చూడమంటే మనుషుల్ని చూడ్డమేంటమ్మా! ఇంత చిన్నపని అప్పగిస్తే ఇదా నిర్వాకం?"

ముసలావిడ ఆమెకేసి చూసి, "మళ్లీ వాలేటప్పుడు ఊపిరి బిగపట్టకు" అంది. కర్ర పోటేసుకుంటూ, మెల్లగా మెట్లెక్కి బస్సు దగ్గరికి వెళ్లిపోయింది.

ఒక్క మాట అడ్డం వేసి ఉండాల్సింది. ఆమె తడిబట్టలు పిండుకుంటూ ఉండిపోయింది.

రెండు నిమిషాల్లో అత్తగారు తన తువ్వాలు ఎత్తితే కింద చెప్పు భద్రంగా ఉంది.

భర్త నాలుక్కరుచుకున్నాడు. ఆమె అతనికేసి చూడనైనా చూడలేదు. తడిబట్టలతోనే గబగబా మెట్లన్నీ ఎక్కేసింది.

బస్సు అప్పటికే మలుపు తిరిగిపోయింది.

మెట్లపైన గాలి ట్యూబులు అద్దెకిచ్చే ఆయన్ని అడిగింది, ఆయాసపడుతూ.

"కింద సామాన్లు చూసే పెద్దమ్మ... మేం రేపు వెళ్లిపోతున్నాం. తప్పు మాదేనని ఆవిడకి చెప్పాలి."

"ఇక్కడ సామాన్లు చూసేవాళ్లెవరూ లేరండీ."

"అదేనండీ, నల్ల గొడుగు, చేతికర్ర..."

"టీచరుగారా!" ఆయన లేచి నిలబడ్డాడు. "ముప్ఫై ఏళ్లు ఇదే మడుగులో ఊరందరికీ ఈత నేర్పారండీ. నాకూ ఆవిడే నేర్పారు. మోకాళ్లు అరిగిపోయాక నీళ్లలోకి దిగలేకపోతున్నారు."

"మరి ఇప్పుడు ఎందుకొస్తున్నారు?"

నీళ్లోడుతున్న ఆమె బట్టల్ని చూసి ఆయన నవ్వాడు.

"అందరూ నీళ్లలో ఉంటే, ఒడ్డున సంచులు పట్టుకుని ఎవరు మిగిలిపోయారా అని వెతుక్కోడానికొస్తారండీ, ఇవాళ మీరు దొరికారన్నమాట."