బేరింగ్ చప్పుడు

“ఆ మోటారు ఎవరిదో కాస్త ఆపుతారా?” అంది పెద్ద మేడం, మైకులో.

చప్పుడు ఆగలేదు.

విద్యుత్ యంత్రాల మీద ఆన్‌లైన్ సదస్సు అది. ఆ కాలేజీ ఇలాంటిది పెట్టడం ఇదే మొదటిసారి. ఆహ్వానాలు పంపిన రోజు నుంచీ పెద్ద మేడానికి కంటి మీద కునుకు లేదు. ఎలాగో అన్నీ కుదిరి, దేశదేశాల ప్రొఫెసర్లు తెర మీద చిన్నచిన్న గళ్ళలో సర్దుకు కూర్చున్నారు.

ఇక ఆమె ప్రసంగమే తరువాయి.

ప్రసంగం చప్పుడు లేని మోటారు గురించి. పాత మోటారు మోత ఒకటి, తను తయారుచేసిన మోటారు మౌనం ఒకటి, రెండూ వినిపించాలి. లైన్లో చీమ చిటుక్కుమన్నా ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

పక్కన కూర్చుని కంప్యూటర్ నడిపిస్తున్న చిన్న మేడం మొదటి స్లైడు సిద్ధంగా పెట్టుకుంది. పెద్ద మేడం ఎక్కడ ప్రసంగించినా అదే మొదటి స్లైడు. దాని మీద ఒకటే వాక్యం.

‘ముందు వినండి, లెక్క తర్వాత.’

“ఇది ఎవరన్న మాట మేడం? కింద పేరు లేదు.”

“తెలిస్తే పెట్టనా?” అంది పెద్ద మేడం. “నా మొదటి పరిశోధన పేపర్ని అందరూ తిప్పి పంపారు. ఒక్కరు మాత్రం ఓపిగ్గా దిద్ది, చివర ఆ మాట రాసి పంపారు. పరిశీలించిన వాళ్ళ పేరు చెప్పకూడదని నియమం. అడగని చోటు లేదు. కనిపిస్తే కాళ్ళ మీద పడేదాన్ని.”

అంతలో మళ్ళీ గుర్రుమంది ఆ మోటారు, పానకంలో పుడకలాగ.

“ఎవరు?”

“‘పాప ఫోన్’ అని ఉంది మేడం. కెమెరా పెట్టలేదు. నేను మైకు ఆపుతుంటే అవతల మళ్ళీ తెరుస్తున్నారు. అందరికీ తాళం వేస్తే మాట్లాడాల్సినవాళ్ళ నోళ్ళూ మూతపడతాయి.”

మోటార్ల వాళ్ళకి ఒక మోటారు దొరికితే ఊరుకుంటారా? చాట్‌లో పండితుల సందడి మొదలైంది.

నీళ్ళ పంపు అన్నారొకరు. కాదు, పాత ఫ్రిజ్ అన్నారింకొకరు. ‘చిన్న కంప్రెసర్. బేరింగ్ అరిగింది. పందెం’ అన్నాడు మరొకాయన. నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి.

పెద్ద మేడం కూడా చెవి రిక్కించింది.

“బేరింగే,” అని నవ్వింది.

“అమ్మా...” ఆ చప్పుడు వెనక నుంచి ఒక ముసలి గొంతు. “మేడం... గారేనా?”

“అవునండీ. ముందు ఆ మోటారు ఆపండి.”

“అది... ఆపలేనమ్మా. ఒక్క మాట చెప్పి... నోరు మూసుకుంటాను.”

మాటకీ మాటకీ మధ్య ఖాళీలు. నెట్ సరిగ్గా లేదనుకుంది ఆమె.

“ప్రసంగం అయ్యాక చెబుదురుగానీ. మీది ఏ కాలేజీ?”

“ఇప్పుడు... ఏదీ కాదు. తర్వాతంటే... నాకు వీలవుతుందో లేదో.”

ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, ఏమిటా గోల అని. పెద్ద మేడం ముఖం మాడిపోయింది.

“తీసెయ్,” అంది మైకు మూసి.

“పెద్దాయన మేడం, పాపం...”

“తీసెయ్యమన్నానా?”

ఒక్క నొక్కుతో ‘పాప ఫోన్’ మాయమైంది. మొదటి స్లైడు తెర మీదికి వచ్చింది.

ప్రసంగం అద్భుతంగా సాగింది. ఆమె మోటారు తిరుగుతుంటే అంతమందీ ఊపిరి బిగబట్టి విన్నారు. తన చెవులు పోయాయేమో అనుకున్నానని బేరింగ్ పందెం కాసినాయన మెచ్చుకున్నాడు. ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి అభినందించి వెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె గదిలో ఫోన్ మోగింది.

“మేడం, నిన్న ‘పాప ఫోన్’ అని వచ్చింది మా నాన్న అండీ.” ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన ఆడగొంతు. “మీకు చాలా ఇబ్బంది అయింది. ఏమీ అనుకోవద్దని చెబుదామని చేశాను.”

“అయ్యో, అదేం లేదమ్మా. కాసేపు ఆపి ఉంటే సరిపోయేది. ఇంతకీ ఏం మోటారది?”

“ఆక్సిజన్ మెషీనండీ. ఆపితే ఊపిరి అందదు.”

నిన్న పెద్ద మేడం మోటారునే విన్నది. దాని పక్కన ఆగి ఆగి గాలి అందుకుంటూ మాట్లాడిన మనిషిని వినలేదు. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

“మీరు తీసేశాక నాన్న నవ్వారు మేడం. ‘ఎవరో బాగా పట్టారే పాపా, బేరింగ్ నిజంగానే అరిగింది’ అన్నారు.”

“ఒక్కసారి ఆయనకివ్వమ్మా. నేనే క్షమాపణ చెప్పుకోవాలి.”

అవతల మోటారు చప్పుడు లేదు.

“పొద్దున పోయారండీ.”

పెద్ద మేడం ఫోన్ని చెవికి మరింత దగ్గరగా హత్తుకుంది.

“ఏదో ఒక్క మాట చెప్పాలన్నారు. అదేమిటో నీకేమైనా తెలుసా తల్లీ?”

“మీకు చెప్పకూడని మాటేనట. ఇన్నేళ్ళూ నాకూ చెప్పలేదు. నిన్న మాత్రం నాకంతా చెప్పి, ‘పోయేవాడికి నియమాలేమిటే, ఆ అమ్మాయి మొదటి స్లైడు కళ్ళారా చూసి చెప్పేస్తాను’ అని నా ఫోన్ లాక్కున్నారు.”

“మొదటి స్లైడా?”

“అవును మేడం... దాని కింద మీరెప్పుడూ ఖాళీగా వదిలేసే పేరు మా నాన్నదే.”