వినీల అడిగిన పిలుపు

చల్లపల్లి చుట్టుపక్కల ఎవర్నయినా అడగండి, నేను చెప్పే కథలో ఒక్క ముక్క కల్పితం ఉండదు. ఇది మా గోడకు అవతలి ఇంటి కథ కాబట్టి మరీ నిఖార్సయిన నిజం.

“అమ్మా, చేపలమ్మా! బతికున్న కొరమీనులు!”

గేటు దగ్గర చేపలామె కేక. గేటు పక్కనే బట్టలారేస్తున్న వినీల పెరటి వైపు తిరిగి, “అత్తయ్యా, మిమ్మల్నే!” అని అరిచింది. అమలమ్మ కుచ్చెళ్ళు దోపుకుంటూ వచ్చి బేరం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో అమ్మ అంటే ఆవిడే మరి.

అమలమ్మకు అయిదుగురు కొడుకులు. పెద్దవాడు ఫిలిప్ విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కడతాడు, ఆదివారాలే వస్తాడు. అతని భార్యే వినీల. మిగతా నలుగురూ పెళ్ళికానివాళ్ళు. పొలం, రొయ్యల చెరువు చూసుకుంటూ ఇంట్లోనే ఉంటారు. తెల్లారితే “వదినా, కాఫీ”, “వదినా, నా చొక్కా”, “వదినా, మోటారు తాళం”. ఆ కేకలకు చెరువులో రొయ్యలు కూడా చెవులు మూసుకుంటాయి. రొయ్యలకు చెవులుండవని మా మనవరాలంటుంది. చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు.

ఆ కేకలు విని విని వినీల కొడుకులిద్దరూ తల్లిని “వదినా” అనే పిలవడం నేర్చారు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించే నాయనమ్మ వాళ్ళకు “అమ్మ”. మొదట్లో అందరూ నవ్వారు. వినీల కూడా నవ్వింది.

ఈమధ్య చిన్నవాడు ఫిన్నీకి జ్వరం వస్తే చల్లపల్లి తీసుకెళ్ళింది. డాక్టరు వాడి గుండె మీద గొట్టం పెడుతూ అడిగాడు.

“మీ అమ్మేదిరా?”

“ఇంటి దగ్గరుంది.”

“మరి ఈవిడ?”

“వదిన.”

“చూడండీ, మందులు ఎలా వెయ్యాలో తల్లికి చెప్పాలి. ఈసారి ఆవిడ్ని పంపించండి.”

వినీల తలూపి, మందులు తీసుకుని బస్సెక్కింది.

ఇక మిగిలింది కూతురు బ్లెస్సీ. ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడే వయసు, మాటలింకా రాలేదు. ఆ పిల్ల పుట్టినప్పుడే వినీలకు ఆపరేషన్ కూడా అయిపోయింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరూ కోడికూరతో భోజనానికి కూర్చున్నారు. వడ్డిస్తూ వడ్డిస్తూ వినీల ఆగింది.

“మీరందరూ నాకో సాయం చెయ్యాలి. బ్లెస్సీకి మాటలొచ్చేదాకా నన్ను అమ్మా అని పిలవండి.”

ముద్దలు నోటి దగ్గరే ఆగాయి.

“నిన్ను అమ్మా అంటే అమ్మ పలుకుతుంది కదా వదినా!” అన్నాడు ఆఖరి మరిది జోయెల్.

“అత్తయ్యని నాయనమ్మా అనండి.”

“నన్నా?” అమలమ్మ కోడికాలు కంచంలో పెట్టేసింది. “నా కడుపున పుట్టినోళ్ళు నన్ను నాయనమ్మా అనాలా? నాకింకా ఒక్క పన్నయినా ఊడలేదే!”

“పెద్దాళ్ళిద్దరూ ఎటూ మీవాళ్ళే అయిపోయారు అత్తయ్యా. దీన్నొక్కదాన్నయినా...”

ఫిలిప్ కంచంలోంచి తలెత్తకుండా, “పులుసు ఇంకొంచెం వెయ్యి,” అన్నాడు.

అమలమ్మ కోడలి ముఖం వంక చూసింది. చెడ్డమనిషి కాదు. “సర్లేవే, అట్టాగే కానీ. చర్చిలో మాత్రం ఎవడైనా నాయనమ్మా అన్నాడో, తోలు వలుస్తా.”

మర్నాటి నుంచి చూడాలి ఆ ఇంటి అవస్థ. జోయెల్ “అమ్మా, మంచినీళ్ళు!” అంటాడు. ఎవరూ రారు. మళ్ళీ “అమ్మా!” అంటాడు. వినీల తోటకూర తరుగుతూనే ఉంటుంది. తనను కాదులే అని అమలమ్మ కదలదు. గొంతెండిపోయి “వదినా!” అనగానే చెంబు ఎదురొస్తుంది. ఇలాగైతే పనులు సాగవని మరుదులు ఒక్కొక్కరే పాత దారి పట్టారు. వినీల మళ్ళీ అడగలేదు. నీళ్ళు పోసేటప్పుడు మాత్రం పిల్ల చెవి దగ్గర వంగి, “అమ్మ అను. మా అమ్మవి కదూ, అమ్మ అను,” అనేది. బ్లెస్సీ సబ్బునురగ మింగి కిలకిలా నవ్వేది.

మొన్న మధ్యాహ్నం నేను వాళ్ళ వసారాలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాను. వినీల స్టవ్వు దగ్గర చేపముక్కలు వేయిస్తోంది. ఒక పక్క జోయెల్ “వదినా, అన్నం!”, ఇంకో పక్క ఫిన్నీ “వదినా, కడుగు!” అమలమ్మ పెరట్లో ఉంది. బ్లెస్సీ పాక్కుంటూ వెళ్ళి, వంటింటి ద్వారబంధం పట్టుకుని లేచి నిలబడింది. వినీల వీపు వంకే చూసింది. చెయ్యి చాపింది.

“అమ్మా!”

చర్చిగంట కొట్టినంత స్పష్టంగా అంది. నా గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. జోయెల్ నోరు మూశాడు. వినీల అట్లకాడ పారేసి ఒక్క పరుగున వచ్చి పిల్లను గుండెకు హత్తుకుంది. ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. పెనం మీద ముక్కలు బొగ్గులైపోయినా ఆ ఇంట్లో ఎవరికీ మాడు వాసన రాలేదు.

ఇక్కడితో ఆపేస్తే మీరూ హాయిగా పేజీ తిప్పేసేవారు. కానీ ఒక్క ముక్క కల్పితం ఉండదని మొదట్లో కోతలు కోశాను కదా, ఆ ఒక్క ముక్కా ఇదే. ఆ పరుగు నేను కల్పించింది. చేపముక్కలు మాడనే లేదు, బ్రహ్మాండంగా వేగాయి, నాకూ రెండు పెట్టారు.

బ్లెస్సీ చెయ్యి చాపడం నిజం, పిలవడం నిజం. వినీల మాత్రం వెనక్కి తిరగలేదు. చేపముక్క తిరగేస్తూ, పెరట్లోకి వినపడేలా కేకేసింది.

“అత్తయ్యా, మిమ్మల్నే!”