పట్టమ్మాళ్ ఇంటి నీటి గండం

“కాళ్లు పైకి లేపొద్దు నైనా! సూటులో గాలి కాళ్లలోకి పోయిందంటే తలకిందులైపోతావు.”

“పంపుసెట్టు విప్పి బిగించేవాణ్ణి. ఈ రబ్బరు సొక్కా నాకొక లెక్కా?” మెడ చుట్టూ బిగిసిన పట్టీ సర్దుకుంటూ కూతురి మీద కసిరాడు నారాయణన్.

కళుగుమలై దారిలో వాళ్ల పొలం బావి. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో ఆయన తల్లి పట్టమ్మాళ్. ఆమె ఊ అంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మనవరాలు సత్యప్రియకు నార్వేలో ఉద్యోగం వచ్చింది. గడ్డకట్టే సముద్రంలో, ఒంటికి తడి తగలనివ్వని, శిక్షణ కోసం ఆమె తెచ్చుకున్న ఇలాంటి సూటుతో దిగి, చేపల వలలు తనిఖీ చేయాలి. పట్టమ్మాళ్ జాతకాలు పట్టుకుని జోసియర్ దగ్గరికి పరిగెత్తింది. “మీ ఇంటికి ఒక నీటి గండం ఉంది” అన్నాడాయన. ఎవరికో చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

“ఇది కడలికి పోకూడదు,” అని పొద్దున ఇంటికి రాగానే మనవరాల్ని చూపించి తేల్చేసింది.

“అమ్మ చెప్తే సరే,” అన్నాడు నారాయణన్. ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన అంటున్న మాట అదే. “పాపా, సాయంత్రంలోగా కంపెనీకి రానని రాసేయ్. దానికి ముందు ఆ సూటు సంగతేమో నేను దిగి చూస్తా. చుట్టాలు అడిగితే కారణం చెప్పాలి గదా!”

ఇప్పుడు వీపున సిలిండరు, నోట్లో గాలి గొట్టంతో బావి మెట్లు దిగాడు. కాసేపు దర్జాగా తేలాడు. ఛాతీ మీది బొత్తాం నొక్కాడు. సూటు పొంగింది. నడుము వంచాడు. మరుక్షణం రెండు కాళ్లూ ఉబ్బి పైకి లేచాయి. తల మునిగిపోయింది.

“కళుగుమలై మురుగా! నా కొడుకు!”

సత్యప్రియ అప్పటికే దూకేసింది. ముందు సూటుకు గాలి పంపే గొట్టం ఊడబీకింది. తండ్రి మోకాళ్లు పొట్టకేసి మడిచి, బంతిలా దొర్లించింది. తల పైకి రాగానే ఎడమ భుజం మీది మూత తిప్పింది. బుస్సుమని గాలి పోయింది.

గట్టు మీద కొడుకు దగ్గుతుంటే కొంగుతో తుడుస్తున్న పట్టమ్మాళ్ ఉన్నట్టుండి ఆగింది.

“పోయింది!”

“ఏమి పోయిందవ్వా?”

“గండం! ఇంటికి ఒకటే అని జోసియర్ చెప్పిండె గదా. అది మీ నైనకు తగిలి పోయింది. ఇంక నువ్వు ఏ కడల్లో దిగితే ఏమి? వస్తానని రాసేయ్ పో!”

“రేయ్ నారాయణా, నువ్వేమంటావు?” అని అడిగిందే గాని, జవాబు కోసం ఆగలేదు. జోసియర్‌కు కొత్త పంచె పెట్టాలంటూ ఆటో ఎక్కేసింది.

సత్యప్రియ తండ్రి మెడ పట్టీ లాగి విప్పింది.

“అంత చెప్పినా వినవే! చచ్చిపోయింటే?”

“నువ్వుండావు గదా పక్కన.”

“నవ్వొద్దు నైనా. బొత్తాం ఎందుకు నొక్కితివి?”

నారాయణన్ ఆటో మలుపు తిరిగేదాకా చూశాడు.

“కాళ్లలోకి గాలి కావాలనే ఎక్కిస్తిని, పాపా.”