నల్లబొట్టు తల్లెవరు?

"మళ్ల కుప్పకూలింది!" తనూజ నెత్తి కొట్టుకుంది. నాలుగింటికి పాల సంఘపోళ్లు గౌలిపురలోని వీళ్లింటికి వస్తారు. బర్రెల వంశం చూపించేందుకు తను పీహెచ్‌పీలో రాసిన ఈ కంప్యూటర్ ప్రోగ్రాం నడవకపోతే, ఆమెకు దొరికిన మొదటి పని ఇంకొకరి చేతికి పోతుంది.

పక్కన కూర్చున్న నానమ్మ ఆండాలుకు మాత్రం ధీమా. తమ ఇంటి బర్రెల పేర్లు ఏడు తరాలకు ఆమే చెప్పి రాయించింది మరి.

"ఏమైందే?"

"ప్రోగ్రాంల ఫంక్షన్ అనే ఈ ముక్క, బర్రెకు తల్లెవరని అడుగుతది నానమ్మా. దొరకంగనే, ఆ తల్లికి తల్లెవరని మళ్ల తనను తనే పిలుచుకుంటది. తల్లి పేరు లేనికాడ ఆగాలె, ఆగుతలేదు. ఎంత లోతుకు పోతున్నదో అంకెలు వేయించి చూస్త."

తెర మీద అంకెలు పడ్డాయి. ఒకటి, చంద్రి. రెండు, ముత్యాలు. అట్లా దిగి దిగి ఏడు, నల్లబొట్టు. ఎనిమిది, ముత్యాలు!

"ఏంది నానమ్మా, మన ముత్యాలు దాని ముత్తవ్వకు అమ్మమ్మను గూడ కన్నదా?"

ఆండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గల్లీలో ఎవరు ఎప్పుడు పుట్టారన్నా ఆమెనే అడుగుతారు. తెల్వదనే మాట ఆ నోట ఎన్నడూ రాలేదు.

"నా లగ్గం కాకముందే నల్లబొట్టు ఈ ఇంట్ల ఉండె బిడ్డా. దాని తల్లెవరో నాకు... తెల్వది. నువ్వడిగితివి, నోటికొచ్చిన పేరు చెప్తి."

తనూజ పకపకా నవ్వి, నల్లబొట్టుకు తల్లిగా రాసిన ఆ పేరు తీసేసింది. ఈసారి అంకె ఏడు దగ్గర బుద్ధిగా ఆగింది.

"చూసినవా? తెల్వదంటేనే నడిచింది!"

ఆండాలుకు ప్రాణం తేలికపడింది. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"గట్లయితే రాసుకో. ఇంకో మూడు బర్రెల సంగతి గూడ నాకు తెల్వది."