దస్తూరి

“ఈ దస్తూరి ఎవరిది, పెద్దాయనా?”

షా గారి దళపతి పత్రికను లుత్ఫలీ ముక్కు ముందు ఆడించాడు. టెహ్రాన్‌లో పార్లమెంటును షా ఫిరంగులు పెట్టి కూల్పించి వారమైంది. షాను ఎదిరిస్తూ ఆ పత్రిక నడిపిన అల్లుడు యదుల్లా కొండల్లోకి పారిపోయాడు. రాతి అచ్చు పత్రిక కదా, మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఎవరో ఒకరు చేత్తో రాయాల్సిందే.

“నాదే,” అన్నాడు లుత్ఫలీ.

పచ్చి అబద్ధం. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి వణకడం మొదలై రెండేళ్లయింది. అప్పట్నుంచీ రాస్తున్నది ఒక్కగానొక్క కూతురు తూబా. ఇప్పుడు తెర వెనక బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. తండ్రి నేర్పిన దస్తూరే, వెంట్రుకవాసి తేడా ఉండదు. సంగతి తెలిస్తే ఆడపిల్లని కూడా చూడరు, జుట్టు పట్టి ఈడ్చుకుపోతారు.

దళపతి నవ్వాడు. “టీ గ్లాసే పట్టుకోలేకపోతున్నావ్, నువ్వు రాశావా? నా చెవిలో పూలు పెట్టకు. ఇంట్లో ఇంకెవరున్నారు?”

“ఉన్నవాళ్ళకి వంట తప్ప ఏమీ రాదు బాబూ. ఆ కలం ఇటివ్వండి, రాసి చూపిస్తా.”

“ఏదీ, రాయి. ఏం రాస్తావ్... మామూలుగా ఉత్తరాల్లో రాసే ముక్కే రాయి. ‘ఇక్కడ అంతా సద్దుమణిగింది. భయం లేదు. ఇంటికి వచ్చేయి.’”

లుత్ఫలీ రెల్లు కలాన్ని సిరాలో ముంచాడు. ఎడంచేత్తో కుడి మణికట్టును బిగించి పట్టుకున్నాడు. దేవుడా, ఈ ఒక్క వరుసా రాయించు, ఆ తర్వాత ఈ చెయ్యి పడిపోయినా సరే అని మొక్కుకున్నాడు. చెమట కారి గడ్డం తడిసింది. తెర వెనక వెక్కు వినబడితే గట్టిగా దగ్గి కప్పేశాడు.

ఏ పుణ్యమో గానీ చెయ్యి మాట విన్నది. దళపతి ఆ కాగితాన్ని పత్రిక పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూశాడు.

“అచ్చం ఇదే. శభాష్.”

లుత్ఫలీ మనసు కుదుటపడింది. పిల్ల బతికిపోయింది, తనకి అది చాలు. చెప్పుల కోసం వెతుక్కుంటూ, “పదండి బాబూ, నేను సిద్ధమే,” అన్నాడు.

“నిన్ను తీసుకెళ్ళి ఏం చేసుకుంటాం, కూర్చో.” దళపతి సిరా ఆరేలా ఊది, కాగితం మడిచి సిపాయి చేతికిచ్చాడు. “కొండ మీదికి పంపించు. యదుల్లా ఈ దస్తూరిని తప్ప ఇంక దేన్నీ నమ్మడట.”