ఖాళీ మిక్సీ

పవిత్ర మండలి ఏలుబడిలో ప్రతి ఇంటి గోడకీ ఒక చెవి ఉంది. ఆడగొంతు పాడినట్టు ఆ చెవిన పడితే మనిషి మాయం. అందుకే మధ్యాహ్నం భోజనాలయ్యాక కేదారి ఖాళీ మిక్సీ తిప్పేవాడు. ఆ రొద చాటున భార్య నీలవేణి అతని భుజానికి ఆనుకుని పాడుకునేది. ఆ వేళకి వీధిలో మిక్సీలన్నీ మోగేవి. ఇంత పచ్చడి ఎవరికని ఎవరూ ఎవర్నీ అడిగేవారు కాదు.

ఒకరోజు పాట మధ్యలో కరెంటు పోయింది. మిక్సీ ఠక్కున ఆగింది. నీలవేణి గొంతు ఒక్క మాట ఆలస్యంగా ఆగింది. చెవికి కరెంటుతో పనిలేదు. సాయంత్రానికల్లా మండలి బండి వచ్చి ఆమెను పట్టుకుపోయింది.

ఆమె లేకపోయినా కేదారి అదే వేళకి ఖాళీ మిక్సీ తిప్పుతూనే ఉన్నాడు. ఇన్నాళ్లూ వినడమే తప్ప పలకని చెవి ఇవాళ పలికింది.

"ఏమయ్యా, ఆ మిక్సీ ఆపు. నీ మాట వినపడట్లేదు."

నీలవేణి గొంతే. ఆ విసుగూ ఆమెదే. పట్టుకుపోయినవాళ్ల గొంతులు గోడలకి పెడుతున్నారని వీధిలో అనుకోవడం అతనూ విన్నాడు. అయినా చెయ్యి దానంతటదే వెళ్లి స్విచ్ కట్టేసింది.

"ఇంకోసారి పిలవవే," అన్నాడు గోడకి చెంప ఆనించి.

"ఏమయ్యా," అంది గోడ, ప్రేమగా. "పక్కింటివాళ్ల మిక్సీ కూడా ఖాళీయేనా?"