పచ్చ టిక్కులు

"సర్వర్ పోయిందట! ఆపరేషన్‌కి వెళ్ళాల్సినవాళ్ళు రిపోర్టుల కోసం బయట కూర్చున్నారురా!" ల్యాబ్ నడిపే అక్క ఆయాసపడుతూ వచ్చింది.

కంప్యూటర్లు చూసుకునే తమ్ముడు నవ్వాడు. ఆమె దృష్టిలో కంప్యూటరంటే టైపు కొట్టే టీవీ.

"నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. రోజూ బ్యాకప్ అవుతోంది. చూడు, అన్నీ పచ్చ టిక్కులే."

"ఎప్పుడైనా తెరిచి చూశావా?"

"నీ కారు స్టెప్నీని రోజూ బిగించి చూస్తున్నావా?"

"గాలి ఉందో లేదో చూస్తాను."

మూతి విరిచి బ్యాకప్ తెరిచాడు. అన్నీ నిరుటి రిపోర్టులే. నిరుడు డేటాను కొత్త డిస్కులోకి మార్చినప్పుడు, బ్యాకప్‌ను అటు తిప్పడం తనే మరిచిపోయాడు. అది మాత్రం పాత డిస్కునే రోజూ భక్తిగా కాపీ కొట్టి, టిక్కు పెట్టుకుంటోంది.

"ఏమైందిరా?"



"గాలి లేదక్కా."